పేద బడుల ప్రగతి – ప్రధానోపాధ్యాయుల నాయకత్వ తీరు



ప్రతి సంవత్సరం ఈ సంచిక చివరి పేజీల్లో సొసైటీ జమాఖర్చుల పట్టిక ఉంటుంది. దాతలుగా మనలో చాలామంది ముందుగా తిరగేసేది ఆ పేజీలనే. ఇన్ని బెంచీలు, ఇన్ని నోటు పుస్తకాలు, ఇంతమందికి ఫీజులు అని చదివి, మన రూపాయి సరైన చోటికే చేరిందని తృప్తి పడతాం. ఆ తృప్తి న్యాయమైనదే. అయితే ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు నిలబడిన మాకు ఆ పట్టికలో జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉంది. ఆ బెంచీల మీద కూర్చున్న పిల్లలకు చదవడం వచ్చిందా?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. వనరులు తక్కువగా ఉన్న బడి బాగుపడాలంటే దానిని నడిపించే పెద్ద ఎలా నడిపించాలి, అందులో దాతల పాత్ర ఏమిటి అన్నది మా అనుభవం నుంచి, మేము చదివిన పరిశోధనల నుంచి చెప్పదలిచాం.

ఒకే రకం బీరువా, రెండు బడులు

కర్మన్‌ఘాట్, చంపాపేట, బైరామల్‌గూడ, సరూర్‌నగర్ ప్రాంతం అంతా 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్ మున్సిపాలిటీతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది. అయినా ఇక్కడి ప్రభుత్వ బడుల బోర్డుల మీద జిల్లా పరిషత్, మండల పరిషత్ అనే పేర్లే నిలిచాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు, షోరూములు లేచాయి. బడిలో మాత్రం ఆటో నడిపేవారి పిల్లలు, తాపీ పనివారి పిల్లలు, ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలు, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి బతుకుతెరువుకు వచ్చిన కుటుంబాల పిల్లలు కనిపిస్తారు. నాలుగు రూపాయలు మిగిలిన తల్లిదండ్రులు వీధి చివరి ప్రైవేటు బడికి పంపుతారు. మిగలనివారు సర్కారు బడికి పంపుతారు.

కొన్నేళ్ల కిందట ఈ తూర్పు నగరంలోని రెండు బడులకు మేము కొందరు మిత్రులతో కలిసి చెరొక పుస్తకాల బీరువా ఇచ్చాం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కథల పుస్తకాలు రెండింటిలోనూ దాదాపు ఒకటే. ఏడాదిన్నర తరువాత వెళ్లి చూశాం.

మొదటి బడిలో బీరువా ఆఫీసు గదిలో, ప్రధానోపాధ్యాయుని కుర్చీ వెనకే ఉంది. తాళం వేసి ఉంది. పుస్తకాలు కొత్తవి కొత్తగానే ఉన్నాయి. పిల్లలకు ఇవ్వలేదా అని అడిగితే ఆయన నొచ్చుకోకుండా నిజం చెప్పారు. "సార్, స్టాక్ రిజిస్టరులో నా సంతకం ఉంది. పది పుస్తకాలు పోతే రేపు చార్జి అప్పగించేటప్పుడు నేను కట్టుకోవాలి."

రెండో బడిలో బీరువా ఖాళీగా కనిపించి మేము కంగారుపడ్డాం. అక్కడి పెద్ద మేడమ్ నవ్వి, తరగతి గదులకు తీసుకువెళ్లారు. ఒక్కో గదిలో అట్టపెట్టెలో ముప్పై పుస్తకాలు, పెట్టె మీద ఇద్దరు పిల్లల పేర్లు. వారే ఆ తరగతి లైబ్రేరియన్లు. చాలా పుస్తకాల అట్టలు ఊడిపోయి టేపు అంటించి ఉన్నాయి. కొన్ని పోయాయి కూడా. ఐదో తరగతి పాప ఒకతె తనకు నచ్చిన కథ మాకు తడబడకుండా చదివి వినిపించింది.

ఆ రోజు మాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. మనం ఇచ్చిన వస్తువు చదువుగా మారేది బడిపెద్ద చేతిలోనే. మరొకటి, మొదటి బడిలో తప్పు మాది కూడా. బీరువా పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాం కానీ, దానిని ఎలా వాడతారు, పుస్తకం చిరిగితే బాధ్యత ఎవరిది అని ఆ ప్రధానోపాధ్యాయునితో ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

నాయకత్వ తీరులు: పాత పాఠం

బి.ఎడ్. చదివిన ప్రతివారూ నేర్చుకునే పాఠం ఒకటి ఉంది. 1939లో కుర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అనే పరిశోధకులు అమెరికాలోని అయోవాలో పదేళ్ల ప్రాయపు బాలుర బృందాలపై తాము చేసిన ఒక ప్రయోగం ఫలితాలను ప్రచురించారు. ఒక్కో బృందానికి ఒక్కో తీరు పెద్దను పెట్టారు. మొదటిది నిరంకుశ తీరు: అన్నీ పెద్దే నిర్ణయిస్తాడు, పిల్లలు చెప్పింది చేస్తారు. రెండోది ప్రజాస్వామిక తీరు: పెద్ద దారి చూపుతాడు, నిర్ణయం అందరితో మాట్లాడి తీసుకుంటాడు. మూడోది నిర్లిప్త తీరు: పెద్ద ఉంటాడు కానీ పట్టించుకోడు.

నిరంకుశ పెద్ద గదిలో ఉన్నంతసేపు పని బాగా సాగింది. ఆయన బయటికి వెళ్లగానే ఆగిపోయింది. ప్రజాస్వామిక పెద్ద బయటికి వెళ్లినా పిల్లలు పని కొనసాగించారు. నిర్లిప్త పెద్ద దగ్గర పని జరిగిందే తక్కువ.

ఈ ముగ్గురూ మన బడుల్లో ఉన్నారు. గేటు దగ్గర బెత్తంతో నిలబడి, ఆలస్యంగా వచ్చిన టీచరుకు రిజిస్టరులో ఎర్ర గీత పెట్టే పెద్దసారు ఉన్నారు. ఆయన ఉన్నంతకాలం బడి గడియారంలా నడుస్తుంది. ఆయన బదిలీ అయిన నెలకే పాత దారి పడుతుంది. ఎవరినీ ఏమీ అనని మంచి మనిషి ఉన్నారు. ఆయన హయాంలో ఎవరి తరగతి వారిది, ఎవరి ఇష్టం వారిది. టీచర్లను కూర్చోబెట్టి "నాలుగో తరగతిలో పదకొండు మందికి ఒత్తులు రావడం లేదు, ఏం చేద్దాం?" అని అడిగే మేడమ్ కూడా ఉన్నారు. ఇస్లాం మనకు నేర్పిన మష్వరా ఇదే. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకే షూరా అనే పేరు ఉంది. సంప్రదింపు మన ధర్మంలో అంత గౌరవం పొందింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పూర్తిగా గాడి తప్పిన బడిలో మొదటి రోజు నుంచే అన్నీ చర్చకు పెడితే బడి నడవదు. టీచర్లు వేళకు రావాలి, గంట వేళకు కొట్టాలి, తరగతి ఖాళీగా ఉండకూడదు. ఈ మూడింటిలో మొదట కాస్త కఠినంగానే ఉండాలి. గాడిలో పడ్డాక కూడా అదే కఠినత్వం కొనసాగితే ఉపాధ్యాయులు చెప్పిన పని మాత్రమే చేస్తారు, సొంతంగా ఆలోచించడం మానేస్తారు. మంచి పెద్దకు ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలిసి ఉంటుంది.

స్ఫూర్తి ఒక మెట్టు, బోధన మరో మెట్టు

ఈ మధ్యకాలంలో ఎక్కువగా వినిపించే మాట పరివర్తనాత్మక నాయకత్వం. కింది వారిలో పెద్ద ఆశ నింపి, తాము చేయగలమన్న నమ్మకం కలిగించే తీరు ఇది. మన రాష్ట్రంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న కాలంలో, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గురుకుల విద్యార్థిని మలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతో పాటు ఎక్కాడు. పేద ఇంటి పిల్లల మీద పెద్దలు పెట్టుకునే అంచనా ఎంత ఎత్తులో ఉండవచ్చో ఆ రోజు రాష్ట్రమంతా చూసింది. 2016లో 71 బడులతో మొదలై తరువాత 204కు పెరిగిన మైనారిటీ గురుకులాల మీద మన తల్లిదండ్రులు పెట్టుకున్న ఆశ వెనక కూడా అలాంటి నమ్మకమే ఉంది.

అయితే గురుకులంలో భోజనం, వసతి, రాత్రి చదువు అన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. సాయంత్రం బడి గంట కొట్టగానే తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, దుకాణంలో కూర్చోవడానికి ఇంటికి పరుగెత్తే పిల్లల బడి వేరు. మన పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటి బడుల్లోనే ఉన్నారు. అక్కడ స్ఫూర్తి ప్రసంగం ఒక్కటే సరిపోదు.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వివియన్ రాబిన్‌సన్ తన సహ పరిశోధకులతో కలిసి 2008లో ప్రచురించిన విశ్లేషణ ఇందుకు ఉపయోగపడుతుంది. నాయకత్వానికి, పిల్లల అభ్యసనానికి సంబంధం చూసిన 27 అధ్యయనాలను వారు తీసుకున్నారు. పిల్లల ఫలితాలపై బోధనా నాయకత్వం చూపిన ప్రభావం పరివర్తనాత్మక నాయకత్వ ప్రభావం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా తేలింది. బోధనా నాయకత్వం అంటే పెద్ద తన దృష్టిని పాఠం మీద, టీచరు మీద, పిల్లవాడికి వచ్చిందా లేదా అన్నదాని మీద పెట్టడం.

ఆ విశ్లేషణలో బడిపెద్దలు చేసే పనులను ఐదు రకాలుగా విడదీశారు. అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపింది, ఉపాధ్యాయులు నేర్చుకునేలా చేయడం, ఆ నేర్చుకోవడంలో తానూ పాల్గొనడం. దాని ప్రభావ పరిమాణం 0.84. వనరులను లక్ష్యానికి తగినట్టు సమకూర్చడం ప్రభావం 0.31. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికా బడులవి కాబట్టి అంకెలను యథాతథంగా మనకు అన్వయించలేం. అయినా మన బీరువాల కథ కూడా ఆ వైపే వేలు చూపుతోంది. వనరు ఉపయోగపడుతుంది. ఆ వనరుతో ఏం చేయాలో ఉపాధ్యాయులతో కలిసి నేర్చుకునే పెద్ద ఇంకా ఎక్కువ ఉపయోగపడతారు.

మన దేశం నుంచి నాలుగు ఆధారాలు

మొదటిది. 2003లో దేశంలోని 20 రాష్ట్రాల్లో 3,700 బడులకు ముందస్తు సమాచారం లేకుండా వెళ్లి చేసిన సర్వేలో, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు ఆ సమయానికి బడిలో లేరు. మామూలు టీచర్ల కంటే ప్రధానోపాధ్యాయులే ఎక్కువగా గైర్హాజరయ్యారు. మీటింగులు, మండల ఆఫీసు పనులు ఇందులో కొంత ఉంటాయని మాకు తెలుసు. కారణం ఏదైనా, నడిపించవలసిన మనిషి బడిలో లేకపోవడం పిల్లలకు నష్టమే. అదే సర్వేలో వసతులు మెరుగ్గా ఉన్న బడుల్లో టీచర్ల గైర్హాజరు తక్కువగా కనిపించింది. కాబట్టి మరుగుదొడ్డి, మంచినీరు, ప్రహరీ కట్టించిన దాతల ఖర్చు వృథా అని మేము అనడం లేదు.

రెండోది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లోను, ఆఫ్రికాలోని జాంబియాలోను బడులకు ఇచ్చిన గ్రాంటుల మీద చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ముందుగా తెలియకుండా గ్రాంటు వచ్చినప్పుడు పిల్లల మార్కులు పెరిగాయి. గ్రాంటు వస్తుందని ముందే తెలిసినప్పుడు పెరగలేదు. బడి ఇస్తుంది కదా అని తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చును తగ్గించుకోవడమే ఇందుకు ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. పేద ఇంట్లో నాలుగు రూపాయలు మిగలడం మంచిదే. కానీ ఏటా అవే నోటు పుస్తకాలు పంచుతూ చదువు పెరిగిందని అనుకోవడం సరికాదు.

మూడోది. బ్రిటన్, అమెరికా, భారత్ సహా ఎనిమిది దేశాల్లో 1,800కు పైగా ఉన్నత పాఠశాలల నిర్వహణను పోల్చిన అధ్యయనం 2015లో వచ్చింది. నిర్వహణ మెరుగ్గా ఉన్నచోట పిల్లల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఆ పట్టికలో మన దేశం అట్టడుగున నిలిచింది.

నాలుగోది అన్నిటికంటే ఆలోచించదగినది. మధ్యప్రదేశ్‌లో 1,774 బడుల్లో నిర్వహణను మెరుగుపరచడానికి పెద్ద ప్రయత్నం జరిగింది. ప్రతి బడిని పరిశీలించి, మార్కులు వేసి, ఆ బడికి తగిన అభివృద్ధి ప్రణాళిక రాశారు. పరిశీలన దాదాపు అన్ని బడుల్లోనూ పూర్తయింది. బడి నడకలో గాని, పిల్లల చదువులో గాని మార్పు రాలేదని 2020లో ఫలితాలు ప్రకటించిన పరిశోధకులు చెప్పారు. కాగితం తయారైంది కానీ, దాని అమలు గురించి అడిగేవారు, అమలు చేసినవారికి గుర్తింపు, చేయనివారికి జవాబుదారీ ఏమీ మారలేదు. మన సొసైటీలు కూడా బడుల నుంచి నివేదికలు తెప్పించుకుంటాయి. ఆ నివేదికలు ఎవరు చదువుతున్నారో, చదివి ఎవరితో మాట్లాడుతున్నారో మనల్ని మనం అడగాలి.

హైదరాబాదులో పుట్టిన ఒక బడిపెద్ద

పరిశోధనల అంకెలు మనసుకు అంత త్వరగా ఎక్కవు. అందుకే మన నగరంలో పుట్టిన ఒక విద్యావేత్తను గుర్తు చేసుకుందాం. 1897లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్‌ను మనం రాష్ట్రపతిగా ఎరుగుదుం. అంతకుముందు ఆయన 1926 నుంచి 1948 వరకు, 22 ఏళ్ల పాటు, ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాకు వైస్ చాన్సలర్. నేడు అది కేంద్రీయ విశ్వవిద్యాలయం. అప్పుడు అద్దె ఇళ్లలో నడిచే నిరుపేద విద్యాసంస్థ.

బెర్లిన్‌లో డాక్టరేట్ పూర్తిచేసి వచ్చిన 29 ఏళ్ల జాకిర్ సాహెబ్ ఆ సంస్థను చేతుల్లోకి తీసుకున్న మరుసటి ఏడాది, 1927 డిసెంబరులో, దానికి అండగా నిలిచిన హకీం అజ్మల్ ఖాన్ మరణించారు. డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. అప్పుడు ఆయన, ఆయన సహచరులు ఒక ప్రతిజ్ఞ చేశారు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్లు జామియాకు సేవ చేస్తామన్నది ఆ ప్రతిజ్ఞ. జామియాకు చిన్న చిన్న మొత్తాలు ఇచ్చే సామాన్యులను హమ్‌దర్దానె జామియా పేరుతో ఒక్కటి చేశారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేయవలసి వచ్చినప్పుడు ఏ నవాబునూ పిలవలేదు. బడిలోని అతి చిన్న విద్యార్థి చేత వేయించారు.

ఈ కథలో మనకు మూడు పాఠాలు ఉన్నాయి. పెద్ద తానే మొదట త్యాగం చేశారు, ఆ తరువాతే ఇతరులను అడిగారు. నిర్ణయం సహచరులతో కలిసి తీసుకున్నారు, అందుకే అది ఒక్కరి హయాంతో పోలేదు. దాతలను సంస్థ బంధువులుగా చూశారు, కానీ వేదిక మీద చోటు పిల్లవాడికి ఇచ్చారు. పునాదిరాయి మీద పేరు లేదని ఆ దాతలు ఇవ్వడం మానలేదు.

నేటి బడిపెద్ద కష్టం కూడా చూడాలి

ఇంత చెప్పాక, ప్రధానోపాధ్యాయులందరూ జాకిర్ హుస్సేన్‌లు కావాలని ఆదేశించడం సులభం. వారి రోజు ఎలా గడుస్తుందో కూడా దాతలకు తెలియాలి. ఉదయం టీచర్ల, పిల్లల ఆన్‌లైన్ హాజరు, మధ్యాహ్న భోజనానికి తలల లెక్క, గుడ్ల లెక్క, యూడైస్ వివరాలు, ఆధార్ సవరణలు, మరమ్మతు బిల్లులు, ఎన్నికల విధులు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడికి విడిగా ప్రధానోపాధ్యాయుడు ఉండాలంటే 150 మందికి పైగా పిల్లలు ఉండాలి. అంతకంటే చిన్న బడిలో ఒక టీచరే రెండు తరగతులు చెబుతూ, ఇన్‌చార్జిగా ఈ పనులన్నీ చేస్తారు. చాలా మండలాల్లో హైస్కూలు ప్రధానోపాధ్యాయులకే మండల విద్యాధికారి అదనపు బాధ్యత ఉండడం కూడా చూశాం. రోజంతా సెల్ ఫోను మీద, రిజిస్టరు మీద తల వంచిన మనిషి పాఠం వినడానికి తరగతిలోకి ఎప్పుడు వెళతారు?

ప్రభుత్వం గోడల సంగతి కొంత చూస్తోంది. 2022 మార్చిలో మొదలైన మన ఊరు–మన బడి పథకంలో, నగరంలో మన బస్తీ–మన బడి పేరుతో, మూడు దశల్లో 26,065 బడులను బాగు చేయాలని సంకల్పించారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా మరమ్మతులు సాగాయి. వాటిలో మహిళా సంఘం నాయకురాలు అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. అంటే బస్తీ తల్లులతో కలిసి పనిచేయడం ఇప్పుడు బడిపెద్ద విధుల్లో భాగం. విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే యాజమాన్య కమిటీల్లోనూ నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి.

ఈ తల్లుల సాయం ఎంత విలువైనదో ఆడపిల్లల విషయంలో చూశాం. ఏడో తరగతి దాటగానే బడి మానిపించిన ముగ్గురు అమ్మాయిల ఇళ్లకు ఒక ప్రధానోపాధ్యాయిని ఒంటరిగా వెళితే "ఆలోచిస్తాం" అని పంపేశారు. అదే వీధిలోని ఇద్దరు తల్లులను వెంటబెట్టుకుని రెండోసారి వెళ్లారు. బడికి వచ్చే దారిలో ఎవరు తోడుంటారన్నదే ఆ ఇళ్ల అసలు భయమని అప్పుడు బయటపడింది. ఆ ఇద్దరు తల్లులే తోడుంటామన్నారు. ఇద్దరు అమ్మాయిలు తిరిగి వచ్చారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడికి అసలు వెళ్లనివారో, మధ్యలో మానినవారో అని చెప్పింది. ఆ అంకెను తగ్గించే పని ఇలా ఒక్కో గుమ్మం దగ్గర జరుగుతుంది.

మన సొంత బడుల సంగతి

ప్రభుత్వ బడి గురించి మాట్లాడి మన ట్రస్టు బడులను వదిలేస్తే న్యాయం కాదు. సంఘం నడిపే చిన్న బడుల్లో ప్రిన్సిపాల్ కుర్చీలో ఒకరు ఉంటారు, నిర్ణయాలు కమిటీలో మరొకరు చేస్తారు. టీచరు నియామకం బంధువుల సిఫారసుతో జరుగుతుంది. జీతం ఒకటో తారీఖున అందదు. నెలకు మరో వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చే బడి దొరకగానే టీచరు సంవత్సరం మధ్యలోనే వెళ్లిపోతుంది. పిల్లలు ఒకే ఏడాది లెక్కలకు ముగ్గురు టీచర్లను చూస్తారు. ఇలాంటి చోట ప్రిన్సిపాల్ నాయకత్వం ఎలా ఉందని అడిగే ముందు, కమిటీ నాయకత్వం ఎలా ఉందని అడగాలి. లెవిన్ చెప్పిన నిరంకుశ పెద్ద, నిర్లిప్త పెద్ద కమిటీ రూపంలో కూడా ఉంటారు. కొన్ని కమిటీల్లో ఇద్దరూ కలిసే ఉంటారు: ఖర్చు విషయంలో మొదటివారు, చదువు విషయంలో రెండోవారు.

దాతలు ఏం చేయగలరు

మా ఆలోచనకు తోచిన కొన్ని పనులు విన్నవిస్తున్నాం.

1. ఇచ్చే ముందు ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక పూట బడిలో కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి. ఐదో తరగతిలో రెండో తరగతి పుస్తకం చదవలేనివారు ఎంతమంది? కిందటి నెల మీరు ఏ టీచరు పాఠం విన్నారు, ఆ తరువాత ఏం మాట్లాడుకున్నారు? మీరు సెలవు పెట్టిన రోజు బడి ఎవరు చూస్తారు? మొదటిదానికి అంకె తెలిసిన పెద్ద, మూడోదానికి పేరు చెప్పగల పెద్ద ఉన్న బడి మీ రూపాయిని వృథా చేయదు.

2. జవాబులు రాని బడిని వదిలేయకండి. అక్కడి పిల్లలు కూడా మన పిల్లలే. అలాంటి చోట వస్తువు ఇవ్వడం కాస్త ఆపి, ఆ పెద్దతో పరిచయం పెంచుకోండి. బాగా నడిచే బడిని చూపించడానికి తీసుకువెళ్లండి.

3. వస్తువుతో పాటు ఒక లేఖ ఇవ్వండి. ఇవి పిల్లల వాడకం కోసం ఇచ్చినవి, వాడకంలో చిరిగినా, అరిగినా మాకు అభ్యంతరం లేదు, రికార్డులో తగ్గించుకోవడానికి మా సమ్మతి ఉంది అని అందులో రాయండి. శాఖ నిబంధనలు శాఖవే. అయినా ఈ లేఖ చేతిలో ఉంటే బీరువా తాళం తీయడానికి బడిపెద్దకు కొంత ధైర్యం వస్తుంది.

4. బడిపెద్ద సమయాన్ని విడిపించండి. అధికారుల అనుమతితో, వారంలో మూడు రోజులు ఆన్‌లైన్ పనులు చూసే ఒక యువకుడికో, యువతికో గౌరవ వేతనం ఇస్తే ఆ గంటలు తరగతి గదికి దక్కుతాయి. మన బస్తీలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలకూ అది ఆసరా.

5. ఉపాధ్యాయులు నేర్చుకోవడానికి ఇవ్వండి. 2020 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు కూడా ఏటా 50 గంటల వృత్తిపర అభ్యసనం ఉండాలని చెప్పింది. చుట్టుపక్కల నాలుగైదు బడుల టీచర్లు నెలకొకసారి కలిసి కూర్చుని ఒకరి పాఠం ఒకరు చూసుకోవడానికి ప్రయాణ ఖర్చు, చాయ్ ఖర్చు పెడితే చాలు. ప్రధానోపాధ్యాయులు కూడా ఆ వరుసలోనే కూర్చోవాలన్నది ఒక్కటే షరతు.

6. ఒక బడితో మూడేళ్లు ఉండండి. ఏటా కొత్త బడి, కొత్త ఫోటో కంటే ఒకే బడికి మూడేళ్లు తోడుండటం మేలు. పెద్ద బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి పాత సంగతి చెప్పేవారు ఎవరో ఒకరు ఉండాలి. ఆ పని దాత, తల్లుల కమిటీ కలిసి చేయగలరు.

7. మన సొంత బడుల్లో జీతం ఒకటో తారీఖున ఇద్దాం. నియామకంలో ప్రిన్సిపాల్ మాటకు విలువ ఇద్దాం. ఆ తరువాత ఫలితం గురించి అడుగుదాం.

జకాత్‌కు అర్హులెవరన్న నియమాలు ఉన్నాయి కనుక ఇలాంటి ఖర్చులు సదఖా, లిల్లాహ్ పద్దుల నుంచి పెట్టడం మంచిది. సందేహం ఉన్నచోట ఉలమాను సంప్రదించాలి.

ముగింపు

బద్ర్ యుద్ధం తరువాతి సంఘటన ఒకటి సీరా గ్రంథాల్లో కనిపిస్తుంది. మదీనా అప్పటికి పేద పట్నం. ముహాజిర్‌లు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారు. ఖైదీల విడుదలకు వచ్చే ప్రతి దిర్హము విలువైనదే. అయినా పరిహారం చెల్లించలేని, చదవడం రాయడం వచ్చిన ఖైదీలు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు చదువు నేర్పితే విడుదల చేస్తామని ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) నిర్ణయించారు. లేమిలో ఉన్న సమాజానికి నాయకుడు ఎంచుకున్న సంపద అది. పదిమంది పిల్లలు నేర్చుకున్న తరువాతే విడుదల అన్నది కూడా గమనించదగినది. అక్కడ లెక్క, నేర్చుకున్న పిల్లలది.

వచ్చే సంవత్సరం సంచికలో మన జమాఖర్చుల పట్టిక పక్కన ఒక చిన్న పట్టిక ఉండాలని మా కోరిక. మనం తోడున్న ఒక్కో బడిలో జూన్‌లో ఎంతమందికి చదవడం వచ్చు, మార్చికి ఎంతమందికి వచ్చింది అన్నది అందులో ఉండాలి. మొదటి ఏడాది ఆ అంకెలు మనల్ని సిగ్గుపరచవచ్చు. అయినా ప్రచురిద్దాం. ఆ పట్టిక నింపడానికి తరగతి గదిలోకి నడిచే ప్రతి ప్రధానోపాధ్యాయునికి, ప్రధానోపాధ్యాయినికి అల్లాహ్ బలాన్ని, ఇచ్చే ప్రతి చేతికి బరకత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.